ప్రతిపాదకుడు హాజరు కానందున

లాల్‌గడి మలక్‌పేట్ దాటి శామీర్‌పేట వైపు వస్తుంటే రోడ్డుకి ఎడమ పక్కన ఇనుప కంచె వేసిన మైదానం ఒకటి కనిపిస్తుంది. గేటు మీద 'మిత్రా క్రికెట్ క్లబ్' అని బోర్డు. దాని కింద 'అధ్యక్షులు: శ్రీ వి. గోపాలరావు' అన్న అక్షరాలు క్లబ్ పేరు కన్నా కాస్త పెద్దగానే ఉంటాయి. ఆదివారం ఈ క్లబ్‌తో మ్యాచ్ ఆడటానికి వచ్చే జట్లన్నిటికీ ఒక సంగతి బాగా తెలుసు. మొదట బ్యాటింగ్ దొరికితే పదకొండున్నర దాకా కొట్టినంత కొట్టుకోవచ్చు. పదకొండున్నరకు చర్చి వదులుతుంది, ఆ తర్వాత కష్టం.

క్లబ్బులో సభ్యులు ముప్పై ఆరుగురు. అందులో ఇరవై మంది ఊరి చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు, జట్టులో ఆట వచ్చినవాళ్ళందరూ వాళ్ళే. మిగతా పదహారు మంది కొత్త కాలనీ పెద్దమనుషులు, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. మ్యాచ్ ఆదివారం తొమ్మిదింటికి మొదలు, చర్చిలో ఆరాధన కూడా తొమ్మిదింటికే. కాబట్టి చర్చి వదిలేదాకా మైదానంలో నిలబడే బాధ్యత కాలనీ పెద్దమనుషుల మీద పడేది. స్లిప్‌లో నిలబడే రిటైర్డ్ లెక్చరర్ గారు బంతి తన వైపు వస్తే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. బౌండరీ దగ్గర నిలబడే ఆయన ఫోన్లో మాట్లాడుతూ బంతిని కంచె దాకా సాగనంపేవాడు.

పదకొండున్నర దాటాక ఇస్త్రీ చొక్కా, బండికి తగిలించిన కవర్లో బైబిలుతో అబ్రహాం వచ్చేవాడు. వయసు యాభై రెండు. కండ్లకోయ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. ఆఫ్ స్పిన్ వేస్తాడు, అదీ మామూలుగా కాదు. మిత్రా క్లబ్‌కే మొదట బ్యాటింగ్ వస్తే కాలనీవాళ్ళు గంటలోపే ఆలౌటై, ఆయన వచ్చేసరికి మ్యాచే అయిపోయి ఉంటుంది. లేదంటే నలభై ఓవర్ల ఇన్నింగ్స్‌లో ఆయన వచ్చేసరికి నాలుగైదు ఓవర్లు మిగిలుంటాయి. తన వాటా ఎనిమిది ఓవర్లలో రెండో మూడో వేసి, రెండు వికెట్లు తీసి చెమట తుడుచుకునేలోపు ఇన్నింగ్స్ అయిపోతుంది. "ఈయన పొద్దుగాల్నే వచ్చుంటే మన పని ఖతమే" అని వచ్చిన జట్టువాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట వింటున్నాడు. విన్నప్పుడల్లా పైకి మాత్రం నవ్వుతాడు.

ఒక్కసారంటే ఒక్కసారి మ్యాచ్‌ని మొదటి బంతి నుంచి ఆడాలి, కొత్త బంతి చేతిలోకి తీసుకోవాలి. ఆయనకున్న కోరిక అంతే. ఈ మధ్య భుజం పట్టేస్తోంది. బస్సు గేరు మార్చేటప్పుడు కూడా కలుక్కుమంటోంది. ఇంకో ఏడాది ఆడితే గొప్ప.

మరి టైం మార్చమని అడగొచ్చు కదా అంటారేమో. అడిగాడు. మొదటి పదహారేళ్ళూ తొమ్మిది గంటలన్నది దేవుడు పెట్టిన టైమనుకుని ఊరుకున్నాడు. తర్వాత ధైర్యం చేసి గోపాలరావు దగ్గరికి వెళ్ళాడు.

గోపాలరావు చెడ్డవాడేం కాదు. తణుకు వైపు మనిషి, ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. మైదానంలో బోరు వేయించింది ఆయనే, కంచె పొడవునా వేపమొక్కలు నాటించింది ఆయనే. ఎవరికైనా దెబ్బ తగిలితే తన కార్లోనే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. కాకపోతే జీవితంలో బ్యాటు పట్టుకోలేదు. పట్టుకున్నది ఫైలు. హెల్మెట్ కావాలంటే మూడు చోట్ల సంతకం పెట్టాలి. నోటీసు బోర్డుకి అద్దం తలుపు, ఆ తలుపుకి తాళం, తాళంచెవి ఆయన జేబులో. పిచ్ మీద పరిచే కొత్త చాప కొని నాలుగేళ్ళయింది. పాడవుతుందని గదిలో పెట్టి తాళం వేశాడు, కుర్రాళ్ళు పాత చాప మీద చిరుగుల మధ్య ఆడుకుంటున్నారు. మ్యాచ్ అయ్యాక టీ బండి దగ్గర చేరితే సభ్యులు మాట్లాడుకునేది ఆట గురించి కాదు, ఈ తాళాల గురించే.

"టైం మార్చాలా? తప్పకుండా పరిశీలిద్దామండీ అబ్రహాం గారూ. రాసివ్వండి. సర్వసభ్య సమావేశంలో పెడదాం" అన్నాడు గోపాలరావు.

అబ్రహాం రాసిచ్చాడు. సర్వసభ్య సమావేశం ఏటా ఫిబ్రవరిలో రెండో ఆదివారం, పొద్దున పదిన్నరకు.

ఆ టైముకి అబ్రహాం చర్చిలో డోలక్ వాయిస్తూ ఉంటాడు. చర్చికి ఉన్న ఒక్కగానొక్క డోలక్ ఆయనదే. ఆయన లేకపోతే పాటకి తాళం లేదు. మిగతా పంతొమ్మిది మంది సభ్యులు కూడా అక్కడే, ఆయన ఎదురుగానే కూర్చుని ఉంటారు. ఇటు క్లబ్ గదిలో పదహారు మంది కాలనీవాళ్ళతో కోరం నిండుతుంది, గంట మోగుతుంది, మినిట్స్ పుస్తకంలో చక్కటి దస్తూరీతో ఒక వాక్యం పడుతుంది: 'ప్రతిపాదకుడు హాజరు కానందున ప్రతిపాదన తోసిపుచ్చడమైనది.' మర్నాడు అబ్రహాం మళ్ళీ రాసిచ్చేవాడు. ఏడాది తర్వాత మళ్ళీ అదే వాక్యం. అలా అయిదేళ్ళు గడిచాయి. టైం మార్చాలంటే ఆ టైముకే రావాలి. వచ్చే వీలుంటే మార్చమని అడిగే అవసరమే లేదు. ఇంత చిక్కుముడి వేసిన సంగతి గోపాలరావుకి నిజంగానే తెలియదు, అదే విచిత్రం.

ఆరో ఏడు జనవరిలో చర్చి పైకప్పు రేకులు విప్పారు. కొత్త రేకులు వేయడానికి నెల పడుతుందన్నారు. ఆరాధన ఎక్కడ జరపాలా అని పాస్టర్ గిడియోన్ తల పట్టుకుని కూర్చుంటే, బస్సు షెడ్డులో పెట్టి నేరుగా ఆయన ఇంటికే వచ్చాడు అబ్రహాం.

"అయ్యగారూ, మా క్లబ్ మైదానముంది. టెంటు ఏసుకుందాం. మస్తు జాగా."

"ఇస్తరా వాళ్ళు?"

"అడుగుత. కానీ ఫిబ్రవరి రెండో ఆదివారం మాత్రం ఎనిమిదింటికే మొదలువెట్టి పదింబావుకు దీవెన ఇచ్చి ముగించాలె. ఆడనే గదిల మీటింగుంది మాకు. గీ ఒక్కపారి."

పాస్టర్ ఆయన వంక అనుమానంగా చూశాడు. "క్రికెట్ కోసమా అబ్రహాం?"

"అవును అయ్యగారూ" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

పాస్టర్ నవ్వేసి సరేనన్నాడు. గోపాలరావు కూడా కాదనలేదు. "రాసివ్వండి" అన్నాడు, రాసిచ్చాక నెల పాటు మ్యాచ్‌లు ఆపించి, 'అభ్యంతరం లేదు' అని ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టాడు. తేదీ చూడక కాదు. ఆరాధన మైదానంలో, సమావేశం గదిలో. నిబంధనల ప్రకారం రెండూ వేర్వేరు స్థలాలు, ఇక గొడవేముంది?

ఇంట్లో ఈ సంగతి చెప్తే అబ్రహాం తల్లి పెంటమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పదింబావుకు ముగిస్తడా మీ అయ్యగారు? మొన్న పెండ్లిల భోజనం ముంగట ప్రార్థన గంట జేసిండు. అన్నం సల్లబడ్డది."

"మాటిచ్చిండమ్మా."

"ఇయ్యనీ" అంది పెంటమ్మ.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఎనిమిదింటికి మైదానంలో అబ్రహాం, పాస్టర్, మైకు అతను ఉన్నారు. మిగతా ఊరు లేదు. ఎనిమిదంటే తొమ్మిదని అందరూ ఎవరికి వాళ్ళే అర్థం చేసుకున్నారు. పాటలు మొదలయ్యేసరికి తొమ్మిదింబావు. అబ్రహాం డోలక్ ఎంత జోరుగా వాయించాడంటే, నిదానంగా పాడే పాట కూడా పరుగెత్తింది, ఆడవాళ్ళకి ఊపిరి అందలేదు. పెంటమ్మ పాట ఆపి కొడుకు వంక ఓ చూపు చూసింది. పదింటికి పాస్టర్ ప్రసంగానికి లేచి వాక్యం అందుకున్నాడు. "ఈ దినం మూడు సంగతులు ధ్యానం చేద్దాం" అన్నాడు.

మూడు అన్న మాట వినగానే అబ్రహాం వాచీ చూసుకున్నాడు.

పదీ ఇరవైకి పాస్టర్ ఇంకా మొదటి సంగతిలోనే ఉన్నాడు. రేకుల కింద ఇరవై ఏళ్ళు ఉక్కపోతలో మాట్లాడిన మనిషి, చల్లగాలి తగిలేసరికి గొంతు విప్పాడు. మాటిచ్చిన సంగతి ఆయనకి గుర్తున్నట్టే లేదు. అవతల క్లబ్ గది తలుపులు తెరుచుకున్నాయి. మైదానం చూసుకునే బాలేష్ కుర్చీలు వేస్తున్నాడు. కాలనీ పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి లోపలికి వెళ్తున్నారు. పదీ ఇరవై రెండుకి గంజిపెట్టిన చొక్కా, చంకలో ఫైలుతో గోపాలరావు దిగాడు, వెనకాల ఆయన భార్య జానకీదేవి. ఆమె కూడా సభ్యురాలే. బాలేష్ కంచె దగ్గరికి వచ్చి అబ్రహాం వంక చూసి మణికట్టు చూపించాడు.

జట్టు కెప్టెన్ జోయెల్ మూడో వరసలోంచి సగం లేచాడు. పెంటమ్మ తల తిప్పి చూసింది. జోయెల్ కూర్చున్నాడు.

ముందు వరసలో డోలక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు వాక్యం మధ్యలో లేచిపోతే ఊరంతా పది తరాలు చెప్పుకుంటుంది. లేవకపోతే ఆరో ఏడు కూడా అదే వాక్యం పడుతుంది. ఏడో ఏడుకి భుజం ఉంటుందో ఉండదో. ఇరవై మంది సభ్యులూ గదికి యాభై అడుగుల దూరంలోనే ఉన్నారు. అయినా 'హాజరు కానందున' అనే రాస్తారు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే ఆయన కూతురు రేచల్ ప్రార్థన చీటీల బుట్ట పట్టుకుని వరసల మధ్య నడిచింది. ఎవరి కష్టం వాళ్ళు చీటీ మీద రాసి బుట్టలో వేస్తే, పాస్టర్ వాక్యం చివర వాటిని చదివి ప్రార్థన చేస్తాడు. అబ్రహాం జేబులో పెన్ను తీశాడు, రెండు లైన్లు గబగబా రాశాడు. "గిది బుట్టల ఎయ్యకు. ఇప్పుడే అయ్యగారి చేతికియ్యి" అన్నాడు. రేచల్ కళ్ళు పెద్దవి చేసింది గానీ వెళ్ళి ఇచ్చింది.

పాస్టర్ చీటీ విప్పాడు. 'మనకు మైదానం ఇచ్చిన గోపాలరావు సార్ వచ్చి గదిలో కూర్చున్నారు. పిలిచి సన్మానించలేదు. చాలా బాధగా ఉంది. ప్రార్థించగలరు.'

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని అబ్రహాం తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

పాస్టర్ గిడియోన్ మర్యాద తెలిసిన మనిషి. నాలుక కరుచుకున్నాడు. "మన మధ్యకు పెద్దలు ఒకరు వచ్చారు" అని మైకులో అందుకున్నాడు. "మనకీ స్థలమిచ్చిన క్లబ్ అధ్యక్షులు గోపాలరావు గారు దయచేసి వేదిక మీదకు వచ్చి రెండు మాటలు చెప్పవలసిందిగా కోరుతున్నాం."

గదిలో అప్పటికి పదీ ఇరవై తొమ్మిది. గంట మీద గోపాలరావు చెయ్యి ఉంది. తన పేరు లౌడుస్పీకర్లో మోగేసరికి ఆ చెయ్యి గంట మీదే ఆగిపోయింది.

"పిలుస్తున్నారుగా, వెళ్ళిరండి. బావుండదు" అంది జానకీదేవి.

"సమావేశం..." అన్నాడాయన, అప్పటికే లేచి చొక్కా సర్దుకుంటూ. "రెండు నిమిషాల్లో వచ్చేస్తాను."

ఆయనకి ఫైలు తర్వాత అంత ఇష్టమైన వస్తువు మైకు. పాస్టర్ సంచిలో ఎవరు వచ్చినా పనికొస్తుందని ఒక శాలువా ఎప్పుడూ ఉంటుంది. అది భుజాల మీద పడింది, రెండొందల మంది చప్పట్లు కొట్టారు. గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. ముందు మైదానం చరిత్ర చెప్పాడు. బోరు వేస్తుంటే ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడ్డాయో చెప్పాడు. అక్కడి నుంచి తణుకు వెళ్ళాడు, చిన్నప్పుడు చదువుకున్న మిషను బడి గుర్తుకొచ్చింది, అక్కడ పాఠం చెప్పిన టీచరమ్మ గుర్తుకొచ్చింది, ఆవిడ నేర్పిన క్రిస్మస్ పాట రెండు చరణాలు పాడేశాడు. అబ్రహాం డోలక్ అందుకున్నాడు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పాస్టర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నాడు. తనకన్నా ఎక్కువ మాట్లాడే మనిషిని ఆయన చూడటం అదే మొదటిసారి. పదకొండూ పదికి గోపాలరావు మైకు వదిలేసరికి పాస్టర్‌కి రెండో సంగతి, మూడో సంగతి చెప్పే ఓపిక లేకపోయింది. లేచి దీవెన ఇచ్చేశాడు.

గోపాలరావు మొహం వెలిగిపోతుండగా శాలువాతోనే గదికి వెళ్ళి కూర్చున్నాడు. గంట కొట్టాడు. తలెత్తి చూస్తే గదిలో ఊపిరాడటం లేదు. కుర్చీలన్నీ నిండి, గోడల పొడవునా బైబిళ్ళు పట్టుకుని ఇంకో ఇరవై మంది నిలబడ్డారు. ఆయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇంత హాజరు ఆయన హయాంలో ఎప్పుడూ లేదు.

"సంతోషం" అన్నాడు, కాస్త అనుమానంగా. నివేదిక చదివాడు. ఒక్కో అంశం దాటుకుంటూ ఏడో అంశానికి వచ్చాడు. "మ్యాచ్ సమయాన్ని ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మార్చాలని ప్రతిపాదన. ప్రతిపాదకుడు..." అలవాటు కొద్దీ ఆయన పెన్ను కాగితం మీద 'హాజరు' దాకా రాసేసింది.

"ఉన్న సార్" అన్నాడు అబ్రహాం.

పెన్ను ఆగింది. గోపాలరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "చెప్పండి. ఎందుకు మార్చాలి?"

ఆరేళ్ళుగా బస్సు నడుపుతూ అబ్రహాం ఈ మాటలే కట్టుకున్నాడు. ఎండ లెక్కలు, వెలుతురు లెక్కలు, అన్నీ నోటికొచ్చు. తీరా నిలబడితే ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"సార్, నేను గీ క్లబ్బుల ఇరవై రెండేండ్ల సంది ఆడుతున్న. టాస్ ఎట్ల ఏస్తరో నా కండ్లతోని ఒక్కపారి గూడ సూడలే" అన్నాడు. "గంతే సార్."

గోపాలరావు మినిట్స్ పుస్తకం వెనక్కి తిప్పాడు. అయిదు పేజీల్లో అయిదు వాక్యాలు, అన్నీ తన చేతివే. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నాడు.

"మీరు ఏటా రాసిస్తారు, ఒక్క ఏడూ రారు. మీకంత పట్టింపు లేదనుకున్నానండీ నేను" అన్నాడు చివరికి, నిజంగా నొచ్చుకుంటూ.

"ఆదివారం పదిన్నరకు మేమేడుంటమో మీకు తెల్వదా సార్?"

"అది ఎవరూ రాసివ్వలేదండీ!"

ముందు జానకీదేవి నవ్వింది. "గ్యాసు అయిపోయిందన్నా మా ఇంట్లో ఇదే జవాబు నాయనా" అంది. అంతే, గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. గోపాలరావుకి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత ఆయనా నవ్వాడు.

"అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

మొదటి చెయ్యి చర్చివాళ్ళది కాదు. స్లిప్‌లో నిలబడే లెక్చరర్ గారిది. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. "ఏడేళ్ళండీ! ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ బంతికి ఎదురుగా నిలబడి నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటున్నాను" అన్నాడు. ఆయన వెనకే మిగతా కాలనీవాళ్ళూ చేతులెత్తారు. వాళ్ళెవరికీ మైదానంలో నిలబడటమే ఇష్టం లేదు, టైం మారితే ఆ పని చర్చివాళ్ళు చూసుకుంటారు. అడిగిన మనిషే రానప్పుడు మనం నోరెత్తితే బాగుండదేమోనని ఇన్నేళ్ళూ ఓర్చుకున్నారట.

ముప్పై ఆరు మందికీ ఇష్టం లేని టైముకి ఇన్నేళ్ళు క్లబ్ నడిచింది. గోపాలరావు 'హాజరు' అన్న మాట పక్కన 'అయినందున' అని చేర్చి, 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ముగించాడు.

మరుసటి ఆదివారానికి చర్చి రేకులు పూర్తయ్యాయి, మైదానంలో టెంటు తీసేశారు. ఆ మధ్యాహ్నం గాజులరామారం జట్టు వచ్చింది. అబ్రహాం ఒంటిగంటకే మైదానంలో ఉన్నాడు. జోయెల్ నాణెం ఎగరేస్తుంటే దగ్గరికెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, అది పైకెళ్ళి కిందపడేదాకా చూశాడు. టాస్ ఓడిపోయారు. ఆయన మాత్రం సంతోషంగా తలూపాడు. గాజులరామారంవాళ్ళు బ్యాటింగ్ తీసుకున్నారు.

జోయెల్ కొత్త బంతిని తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "నువ్వే ఎయ్యి మామా."

ఎర్రగా నిగనిగలాడుతోంది. అబ్రహాం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టు పైకి తేలి ఉంది. ఒంటికి ఒక్క గీత లేదు. ఇన్నేళ్ళూ ఆయన చేతికొచ్చిన బంతులన్నీ రంగు పోయి, గరుకు తేలి, వేళ్ళకి అతుక్కునేవి. వేపచెట్ల నీడలో కుర్చీ వేసుకుని పెంటమ్మ కూర్చుంది. చర్చి టైం కాదు కాబట్టి కొడుకు ఆట మొదటి బంతి నుంచి చూద్దామని వచ్చింది. పక్క కుర్చీలో గోపాలరావు, మధ్యాహ్నం నిద్ర పోగొట్టుకుని, ఆవలిస్తూ.

అబ్రహాం నాలుగడుగులు వేసి చెయ్యి తిప్పాడు. నున్నటి బంతి వేళ్ళలోంచి జర్రున జారి, బ్యాట్స్‌మన్‌కి ఆమడ దూరంలో పడి, కీపర్‌కి కూడా అందకుండా కంచెకి కొట్టుకుంది. అంపైరుగా నిలబడ్డ బాలేష్ వైడ్ అని రెండు చేతులూ చాపాడు. మైదానమంతా నవ్వు.

"గింత దానికేనారా ఆరేండ్లు కొట్లాడింది?" అని పెంటమ్మ నీడలోంచి అరిచింది.

అబ్రహాం కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. బంతిని వెనక్కి తెప్పించుకుని, ప్యాంటుకి రుద్దుకుంటూ మళ్ళీ తన గుర్తు దగ్గరికి నడిచాడు. ఎనిమిది ఓవర్లూ అలాగే ఉన్నాయి, సాయంత్రం దాకా ఆయన ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.